వంద దాకా అంకెలు

నెల్లిమర్ల రోడ్డు పక్కన పాత ఇనుప సామాను కొట్టు. మధ్యాహ్నం మూడు గంటలు. కొట్టు యజమాని అప్పలసూరి, ఎదురుగా డ్రైవరు రాబర్ట్ భార్య మెర్సీ, చేతిలో బండిలోంచి విప్పి తెచ్చిన గేజు.

"నా చేతికి ఏటొచ్చిందో అదే సెప్తన్నానమ్మా. ఇత్తడి డబ్బా ఒకటి. దానికో అద్దం. లోపలో ముల్లు. సున్నా కాడ్నుంచి వంద దాకా అంకెలు. నా దగ్గరున్నది అదే, మీ ఆయనకిచ్చిందీ అదే. నానేటీ కలపలేదు, దాన్లోంచి ఏటీ తియ్యలేదు."

"తీశావని నేనన్లేదు కదా బాబాయ్. ఇది దేని గేజో చెప్పమన్నాను, అంతే."

"గేజంటే గేజే. అక్కడ కూకోకు, మసి అంటుతాది. ఈ స్టూలు మీదకి రా."

"పర్లేదులే, దీని మీద టార్పాలిన్ పట్టా కప్పే ఉంది కదా. పొద్దున్నుంచి పిల్లలకి టీకాలు. నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తన్నాయి."

"స్టూలైతే సుకంగా ఉంటాది."

"స్టూలుకి మూడు కాళ్ళే ఉన్నాయి."

"నాలుగో కాలు బదులు ఇటికెట్టాను గదా."

"బాబాయ్, నా సంగతి ఒగ్గేయ్. గేజు సంగతి చెప్పు."

"మీ ఆయన రాలేదేటి మరి? కొన్నది ఆయన, బిగించుకున్నది ఆయన. అడిగితే ఆయనడగాల. మజ్జిలో నర్సమ్మకేటి పని?"

"ఇంట్లోంచి కదలటం లేదు. నెలన్నరైంది. ఆదివారం చర్చికి కూడా రావట్లేదు. వెనకనుంచి అందరూ తననే చూస్తారంట."

"అంత బెంగెట్టుకున్నాడా?"

"ఏం జరిగిందో నీకు తెలుసు కదా?"

"ఇన్నాను. హరిబాబు బండి ఇంజను పట్టేసి బిగిసిపోయిందని ఇన్నాను. అంతే. ఎక్కువ తెలీదు."

"చిలకపాలెం దాటేక. భావనపాడు నుంచి చేపల లోడు. తెల్లారి బయల్దేరాడు, ఎండెక్కేసరికి రోడ్డు పక్కన ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ఐసు మొత్తం నీరైపోయింది. వంజరాలన్నీ గోతిలో పారబోసి వచ్చారు."

"పాపం."

"ఓనరు కదా హరిబాబు, ఏటంటన్నాడో తెలుసా? ఆయిలు చూసుకోకుండా నడిపాడంట. బండ్ల స్టాండులో నిలబడి అందరికీ చెప్పాడు. ఇప్పుడు దానికి ఇంకొకటి కలిసింది, తాగి నడిపాడని. ఒక్కడూ స్టీరింగు ఇవ్వట్లేదు."

"తాగాడా?"

"పెళ్ళికి ముందే మానేశాడు."

"మరి రాబర్టేటంటన్నాడు?"

"ఒకటే మాట. ముల్లు నలభై మీదుంది, ముల్లు నలభై మీదుంది. అన్నం పెడితే అదే, నిద్రలో లేచి అదే. 'మెర్సీ, నేను చూస్తూనే ఉన్నాను, నలభై మీదుంది.'"

"నువ్వు నమ్ముతన్నావా?"

"టీ ఏమైనా దొరుకుతుందా ఇక్కడ?"

"అడిగిందానికి సెప్పమ్మా. నమ్ముతన్నావా?"

"నమ్మితే ఇంత దూరం నీ కొట్టుకెందుకొస్తాను బాబాయ్. బండ్ల షెడ్డులో నాగబాబు మేస్త్రీని అడిగాను. ఇంజను నడుస్తుంటే ఆయిలు నలభై పౌన్ల ఒత్తిడి మీదుండాలంట. ఇరవైకి దిగిందంటే బండి పక్కకి తీసి ఆపెయ్యాలంట. నలభై ఉన్న ఇంజను అలా పట్టెయ్యదంట. అంటే రెండింట్లో ఒకటి. మా ఆయన అబద్ధమాడుతున్నాడు. లేకపోతే ఇది ఆడుతోంది."

"గేజెందుకాడతాది అబద్దం? దానికేటి లాభం?"

"అదే తెలుసుకుందామని."

"సూడమ్మా. నలభై ఏళ్ళ నుంచి పాత సామాను అమ్ముతన్నాను. పాత సామానుకి పూచీ ఉండదు. కొట్టు దిగేక సరుకు నాది కాదు. మీ ఆయనకీ అదే సెప్పాను. కొత్తది కొనుక్కోరా అన్నాను. ఇన్నాడా? బండిలో ఆయిలు లైటు పోయిందంట, వైర్లన్నీ ఎలకలు కొరికేసేయంట, ఓనరు బాగుసేయించడంట. దీనికైతే వైరక్కర్లేదు మావా, ఇంజనుకో రాగిగొట్టం తగిలిస్తే సాలు అన్నాడు. నాకంటే ఆడికే ఎక్కువ తెలుసు."

"అవును, బిగించిన రోజు ఇంటికొచ్చి నన్ను తీసుకెళ్ళి చూపించాడు. కొత్త కోడల్ని చూపించినట్టు."

"మరి? అప్పుడు మంచిదైంది, ఇప్పుడు సెడ్డదైందా?"

"ఆ రోజు తొంభై చూపించింది."

"ఏటీ?"

"బిగించిన రోజు ముల్లు తొంభై మీదుంది. నేను కళ్ళారా చూశాను. ఇంత ఎక్కువేటి అని భయపడి నీ దగ్గరికే వచ్చాడు. ఏం చెప్పావు?"

"గుర్తులేదు."

"గుర్తు తెచ్చుకో."

"నలుగురొస్తారు, నలుగురికీ ఏదో ఒకటి సెప్తాను..."

"'ఆయిలు కొత్తదిరా, సిక్కగుంటాది, నడవగా నడవగా తగ్గుతాది.' నీ మాటే. మా ఇంట్లో నీ గొంతుతో సహా చెప్పాడు."

"అన్నానేమో."

"అలాగే తగ్గింది. తొంభై, ఎనభై, అరవై. నెలనెలా తగ్గింది. నలభైకి వచ్చిన రోజు జిలేబీ తెచ్చాడు బాబాయ్. 'మెర్సీ, సరిగ్గా లెక్కకొచ్చేసింది' అన్నాడు. తర్వాత వారానికే ఇంజను పోయింది."

"ఎండ అటు తిరిగింది. ఇటు రా, ఇటు రా, నీడలోకి."

"నాకు ఎండ తగలట్లేదు. ఆ కాలిపంపు నీదేనా?"

"తోపుడుబండ్ల టైర్లకి. ఎందుకు?"

"దానికో మీటరుంది కదా. మా హాస్పిటల్లో బీపీ మిషను మీద అనుమానమొస్తే ఏం చేస్తామో తెలుసా? రెండో మిషను పక్కన పెట్టి ఒకే చేతికి రెండూ చూస్తాం. ఒక్క మిషనుంటే అది చెప్పిందే వేదం. రెండుంటే తేలిపోద్ది. ఆ పంపు గొట్టం దీనికి తగిలించు."

"అది గాలి పంపు. ఇది ఆయిలుకి బిగించింది. కుదరదు."

"కుదరదా?"

"కుదరదు."

"గాలికీ ఆయిలుకీ ముల్లుకి తేడా తెలుస్తుందా బాబాయ్? నలభై ఏళ్ళ సర్వీసు నీది. నా కళ్ళలోకి చూసి చెప్పు."

"తెలీదు. లోపలో ఇత్తడి వంకీ గొట్టముంటాది. ఏది తోసినా సాగుతాది, ముల్లు తిరుగుతాది. గాలైనా, నూనైనా, నీళ్ళైనా."

"మరింకేటి. తగిలించు."

"మర లావు సన్నం సూడాల. జాయింటు కావాల. ఆ డబ్బా ఇలగియ్యి. అది కాదు, దాని పక్కది. ఊ. ఇది పట్టుద్దేమో... పట్టింది."

"నేను తొక్కుతాను. నువ్వు నీ పంపు మీటరు చూడు, నేను గేజు చూస్తాను."

"నువ్వెందుకమ్మా, కాళ్ళు లాగుతన్నాయన్నావు."

"తొక్కుతాను. నువ్వు తొక్కితే సగంలో ఆపేస్తావు. ఆఁ. లేస్తోంది. పది. ఇరవై. ఇరవై మూడు. అక్కడెంత?"

"కళ్ళజోడు లేదు."

"జేబులోనే ఉంది బాబాయ్."

"పది."

"ఇక్కడ ఇరవై మూడు, అక్కడ పదా?"

"పంపు మీటరు పాతదమ్మా. తప్పేమో."

"ఊళ్ళో తోపుడుబళ్ళ టైర్లన్నీ దీంతోనే కొడుతున్నావు. ఒక్కటైనా పేలిందా?"

"లేదు."

"తొక్కుతున్నాను. ముప్ఫై. ముప్ఫై అయిదు. నలభై. ఆగు, సరిగ్గా నలభై. ముల్లు నలభై మీదుంది. అక్కడెంత?"

"పదిహేడు."

"మళ్ళీ చెప్పు."

"పదిహేడు పౌన్లు. ఇరవై కూడా లేదు."

"అంటే నలభై మీదున్నదని ఆయన చెప్పింది నిజం."

"నిజిం."

"ఇరవైకి దిగితే ఆపెయ్యాలి. ఆయనకి నలభై కనిపిస్తోంది. ఆపకుండా నడిపాడు."

"అమ్మా, ఏడవకు. పంపు మీద నుంచి కాలు తియ్యి. నీళ్ళు తాగు, ఆ కుండలోవి సల్లగుంటాయి."

"నేను కూడా అడిగాను బాబాయ్. పోయిన గురువారం. 'నిజం చెప్పు, తాగావా' అని. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పట్నుంచి నాతో ఆ ఒక్క మాట కూడా అనట్లేదు."

"ఇప్పుడు ఇంటికెళ్ళి సెప్పు. సెప్తే లేస్తాడు."

"నేను చెప్తే సరిపోదు. ముందిది చెప్పు. పదికి ఇరవై మూడేటి? ఏ లెక్క ఇది?"

"ఎవడో తప్పుగా సేసుంటాడు."

"తప్పుగా చేస్తే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉంటుంది. ఇది పదికి ఇరవై మూడు, పదిహేడుకి నలభై. అడుగడుగునా ఒకే పాళ్ళు. సరైన గేజే. కాకపోతే పౌన్లు కాదు, ఇంకేదో కొలుస్తోంది. ఏంటది?"

"నాకేటి తెలుసమ్మా, ఇంగ్లీసు సదవలేను. అంకెలే సూస్తాను."

"అందుకేనా అంకెలు మాత్రం ఉంచావు?"

"ఏటన్నావు?"

"ఇటు చూడు, వెలుతురుకి పెట్టి. పలక అంతా పసుపెక్కిపోయింది, పాతది. అంకెలు నల్లగా ఉన్నాయి. మధ్యలో, ముల్లు కింద, ఈ కాస్త మేరా తెల్లగా మెరుస్తోంది. గీతలు చూడు, అన్నీ ఒకే వైపు. గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు. కాలం రుద్దితే ఇలా ఇంత మేరకే రుద్దదు."

"వచ్చినప్పుడే అలగుంది."

"ఇందాక అద్దం కూడా వచ్చినప్పట్నుంచీ ఉందన్నావు. ఇది కొత్త అద్దం. అంచుకి గమ్ము ఇంకా తెల్లగా ఉంది. అద్దం తీసిందెవరు?"

"నర్సుద్యోగం కాదు, పోలీసుద్యోగం సెయ్యాల నువ్వు."

"బాబాయ్."

"రుద్దాను. ఏటంటావిప్పుడు? రుద్దాను."

"ఏం రాసుండేది?"

"రెండు మాటలు. ఒరిస్సా వైపు ఓ పాత మిల్లు మూసేస్తే పంపుహౌసు సామాను లాటుగా తెచ్చాను. అక్కడి వాచ్‌మన్ సెప్పాడు. మిల్లు మీద ఎత్తుగా నీళ్ళ టాంకు. కిందున్న పంపోడు పైకెక్కి సూడక్కర్లేకుండా ఈ గేజెట్టారంట. టాంకులో నీళ్ళు ఎన్ని అడుగుల ఎత్తునున్నాయో ముల్లు సూపిస్తాది. ఈ అంకెలు పౌన్లు కాదు. నీళ్ళ అడుగులు."

"తెలిసే అమ్మావా?"

"తెలిసి అంటే... అడుగులని తెలుసు. ఇంత తేడా ఉంటాదని తెలీదు. కొంచెం అటూ ఇటూ ఉంటాదనుకున్నాను. దేవుడి తోడు."

"మరి రుద్దడమెందుకు?"

"యాపారమమ్మా. జీపులోడొస్తాడు, బోటోడొస్తాడు. పలక మీద 'నీళ్ళు' అనో 'ఆవిరి' అనో ఉంటే సదువుకున్నోడు కింద ఎట్టేసి ఎల్లిపోతాడు. అంకెలుంటే ఎవుడూ అడగడు. అంకెలంటే పౌన్లే అనుకుంటాడు. ఈ రోడ్డులో కొట్లన్నిటా ఇదే సేస్తారు. మాటలు రుద్దేసి, అద్దం మార్చి, ఇత్తడికి సింతపండెట్టి తోమితే సరుకు కదుల్తాది."

"మా ఆయన్ని మాత్రం కదలకుండా చేసింది."

"ఆ మాటనకు."

"ఇలాంటివి ఇంకెన్ని ఇచ్చావు?"

"నీళ్ళది ఇదొక్కటే. మిగతావన్నీ పౌన్లవే. ఒట్టు."

"సరే. ఇప్పుడేం చేద్దాం?"

"గేజు పారెయ్యక్కర్లేదమ్మా. అది మంచిదే. అడిగిందానికి సరిగానే సెప్తాది, అడగడం మనకి తెలీలేదు. ఇలాగియ్యి, అద్దం తీస్తాను. ఆ డబ్బాల్లో ఎర్ర రంగు, పచ్చ రంగు ఉన్నాయి సూడు. సన్న కుంచె కూడా. పౌన్లు ఇరవైకి దీని మీద ఎంత పడతాదో తొక్కు. నెమ్మదిగా."

"ఇరవయ్యా?"

"ఇరవై. ఆఁ, సాలు. గేజు మీదెంత?"

"నలభై ఆరు."

"నలభై ఆరు దగ్గర ఎర్ర గీత. దీనికి దిగితే ఆపెయ్యాల. ఇప్పుడు నలభైకి తొక్కు... ఇంకొంచెం..."

"తొంభై రెండు."

"అక్కడ పచ్చ గీత. బిగించినరోజు మీ ఆయనకి కనిపించింది ఇదే. మంచి ఇంజను అది అప్పుడు. ఇంకా నడిచేది. తొంభై నుంచి నలభైకి దిగడమంటే లోపల ఆయిలు పంపు అరిగిపోతన్నాదని. ఈ రెండు గీతలుంటే రెణ్ణెల్ల ముందే ఆపేసుండేవోడు. రెండు గీతలు."

"నేను గీస్తాను బాబాయ్, ఇలాగివ్వు."

"నానే గియ్యాల. రుద్దింది నాను. ఊ, అయ్యింది. ఆరబెట్టు. ఇది తీసుకెళ్ళి హరిబాబుకి సూపించు."

"గేజు చూపిస్తే నమ్మడు. నువ్వు రావాలి. వచ్చి ఒక్క మాట చెప్పాలి. గేజు అడుగులది, పౌన్లది కాదు, నేనే రుద్దానని."

"నానా? నాకు మోకాళ్ళు..."

"ఆటోలో తీసుకెళ్తాను."

"కొట్టెవరు సూస్తారు?"

"ఇనుమెవడెత్తుకెళ్తాడు?"

"నా మాటే నమ్ముతాడేటి?"

"నీ మాటే నమ్ముతాడు. సరుకు అమ్మినోడివి. హరిబాబు అంత గట్టిగా ఎందుకున్నాడో తెలుసా? మొదట్లో ఆయనకీ అనుమానమే. గేజు చెడిపోయిందేమో కనుక్కుంటానన్నాడు మా ఆయనతో. తర్వాత ఎవరినో అడిగొచ్చాడు. సరుకు తెలిసినోళ్ళెవరో 'గేజు మంచిదే' అన్నారంట. అంతే, ఆ రోజునుంచి వినటం మానేశాడు. ఎవరో పేరు కూడా చెప్పడు."

"ఎవుడో మరి."

"ఎవడో. వాడికేం పోయింది, ఒక్క మాట. మా ఇంట్లో నెలన్నర నుంచి పొయ్యి వెలుగుతోందంటే నా జీతంతోనే. అది కాదులే నా బాధ. మనిషి మాటాడట్లేదు. ఒక పని చేస్తాను. నీకు మోకాళ్ళు బాలేవు కదా. హరిబాబునే ఇక్కడికి రమ్మంటాను. విజీనగరంలోనే ఉంటాడీ టైముకి, చేపల మార్కెట్లో. నీ ముందే పంపు తొక్కి చూపిస్తాను."

"ఫోను కిందెట్టీ అమ్మా."

"ఒక్క నిమిషం, నంబరు..."

"ఫోనెట్టీమన్నాను."

"ఎందుకు? ఇంత సాయం చేశావు. ఇదొక్కటీ చేస్తే ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తాను. నువ్వు గుడికెళ్ళేవాడివే అయినా. శ్రీకూర్మం వెళ్తావు కదా ఏటా? అయినా చేయిస్తాను. ఈ కాలంలో తప్పు ఒప్పుకునేవాళ్ళెవరు బాబాయ్?"

"నా పేరు మీద ఏటీ సేయించకు."

"అదేటి?"

"హరిబాబు ఇక్కడికొచ్చాడు."

"ఎప్పుడు?"

"నెల దాటింది. ట్రాలీ కట్టించుకుని ఒచ్చాడు. పాడైన ఇంజను తూకానికేస్తానన్నాడు. కొట్టు ముందు దించించి, నన్ను పక్కకి పిలిచాడు. 'సూరీ, రాబర్ట్‌గాడికి నువ్విచ్చిన గేజు మంచిదేనా?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మంచిది కాదంటే ట్రాలీ ఎనక్కి తిరిగిపోతాది. తగువు నా మీదకొస్తాది. మంచిదే అన్నాను. అబద్దం కూడా కాదు సూడు, ఇందాక నీకూ అదే సెప్పాను. గేజు మంచిదే."

"నువ్వా."

"ఇంకోటుంది, అదీ ఇనీ. ఇంజను దించేక కింద బోల్టిప్పి ఆయిలు తీశాను. తూకం ముందు తియ్యాల గదా. ఖాళీగా ఉంటాదనుకున్నాను. డబ్బా నిండిపోయింది. మీ ఆయన ఆయిలు సూసుకోకుండా నడపలేదు. నిండుగా ఉన్నాది. ఆ మూల నీలం డబ్బా, అదే. పారబొయ్యలేదు. ఎందుకు పారబొయ్యలేదంటే నాకూ తెలీదు."

"హరిబాబుకి చెప్పావా?"

"అప్పటికి ఎల్లిపోయాడు. తర్వాత సెప్దామనుకున్నాను. తర్వాత, తర్వాత అనుకున్నాను. ఇప్పుడు లెక్కేస్తే నా వైపు ఒక పాత గేజు పోయింది, ఒక ఇంజనొచ్చింది. బేరమైతే మంచి బేరమే. నీ వైపు లెక్క నాను ఏసుకోలేదు."

"ఎక్కడుందా ఇంజను? అమ్మేశావా?"

"లేదు."

"కరిగించేశారా?"

"లేదమ్మా."

"మరెక్కడుంది బాబాయ్? అది చూపిస్తే హరిబాబు నోరెత్తడు. ఎక్కడుంది?"

"ఒచ్చిన కాడ్నుంచీ సెప్తూనే ఉన్నాను గదమ్మా, ఆ పట్టా మీద కాదు, స్టూలు మీద కూకోమని."